ఐదిళ్ళ మాట

ఆదోనిలో దీపక్ వాళ్ళ అంగడికి పోయినప్పుడల్లా నాకొక పాడు అలవాటు. అరలో మా కందిపప్పు పొట్లం కనిపిస్తే చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పుతాను. కింద మూలన ఉన్న ఆకుపచ్చ గుర్తును బొటనవేలితో ఒకసారి తడిమి, మళ్ళీ అరలో పెట్టేస్తాను. అంగట్లో పనిచేసే ఆడపిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారు. సొంత పప్పు చూసుకుని మురిసిపోతోందనుకుంటారేమో. ఆ గుర్తు మా చేతికి వచ్చిన కాలంలోనే మా ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోయాడని వాళ్ళకెట్లా తెలుస్తుంది?

మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఆ ఇంటికి నేను చిన్నకోడలిని. మామ రంగన్న, అత్త ఉరుకుందమ్మ, వాళ్ళ పెద్దకొడుకు మాదన్న, ఆయన భార్య సుధక్క, చిన్నకొడుకు వీరేష్, వీరేష్‌ను కట్టుకున్న నేను. చేను అన్నదమ్ముల పేర చెరిసగం రాసి ఉన్నా వండుకునేది ఒక్క పొయ్యి మీదే. మా బావ మాదన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాట కటువు. కానీ ఆ నోట అబద్ధం రాదు. నా పెళ్ళిచూపుల్లో మా అత్త ఇంటి గొప్పలు చెబుతుంటే మధ్యలో అడ్డుపడి, "వాన గట్టిగా పడితే నడింట్లో కారుతాది. ముందే సెప్తాండా, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్నాడు. మా అమ్మ బిత్తరపోయింది. మా నాన్న మాత్రం ఆ మాట విన్నాకే సంబంధం ఖాయం చేశాడు.

మందుల్లేని సేద్యం మా ఊళ్ళో మొదలుపెట్టింది కూడా బావే. పత్తికి మందు కొడుతూ ఒకసారి చేన్లోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. తేరుకున్నాక పత్తి మానేసి కంది పెట్టాడు. తమ్ముణ్ణి కలుపుకున్నాడు. పక్క చేను బజారి, ఇంకో ఇద్దరు రైతులు తోడొచ్చారు. పొయ్యి ఒకటే అయినా లెక్కకు మేము రెండిళ్ళం, మొత్తం ఐదిళ్ళు. ఇంటర్ చదివినదాన్నని గుంపు రాతకోతలు నాకు అప్పజెప్పారు.

మూడో ఏడు తొలకరికి ముందు దీపక్ మమ్మల్ని అంగడికి పిలిపించాడు. దీపక్ ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు. పెద్దవాళ్ళు పత్తి బేళ్ళు చూసుకుంటుంటే ఇతను మందుల్లేని ధాన్యాలు, పప్పులు పొట్లాలు కట్టి అమ్మే అంగడి తెరిచాడు. బావ, వీరేష్, నేను పోయాము. అంగట్లో అడుగు పెట్టిందే తడవుగా బావ ఒక పొట్లం తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఎద్దుల బొమ్మ ఉండాది, బావి బొమ్మ ఉండాది, తలపాగా ముసలాయన ఉండాడు. ఇదీ మన మాదిరిదేనా సామీ?"

దీపక్ నవ్వాడు. "బొమ్మకేముందన్నా, ఎవరైనా వేసుకుంటారు. పైన 'సహజం' అని రాసినాడు, కింద 'స్వచ్ఛం' అని రాసినాడు. ఎట్ల పండించినారో దానికి సాక్ష్యం యాడుంది? ఇట్లాటివి మా దగ్గర అడిగేవాళ్ళున్నారని పెట్టినాను గానీ, ఇది మీ మాదిరిది కాదు."

"పేరు గొప్ప ఊరు దిబ్బ అను."

"అంతే. ఇదిగో, దీనికి గుర్తుంది చూడు." ఇంకో పొట్లం తీసి వెనక మూల చూపించాడు. "పొట్లం మీద ఆర్గానిక్ అని రాయాలంటే ఎవరో ఒకరు సాక్షి నిలబడాల. కొన్నిటికి కంపెనీ వాళ్ళు వచ్చి పరీక్షించి ఇస్తారు. మీరు ఎన్నుకున్న పద్ధతిలో ఆ సాక్షి మీరే. ఐదిళ్ళవాళ్ళు ఒకరి చేను ఒకరు చూసి, ఒకరికొకరు పూచీ పడాల. ఇన్నాళ్ళూ మీకుండేది మారుతున్న చేను అనే గుర్తు. ఈ ఏడు కూడా పూచీ పడితే నిండు గుర్తు వస్తుంది."

"అంటే పప్పులో మందు ఇసుమంత గూడా లేదని రాసిచ్చినట్టా?" అని వీరేష్ అడిగాడు.

"కాదన్నా, అందరూ అదే పొరబడతారు. గాలికి పక్క చేనిది కొట్టుకొచ్చి పడదని ఎవరు చెప్పగలరు? గుర్తు చెప్పేది పండించిన తీరు. మందు కొట్టలేదు, ఎరువు బస్తా విప్పలేదు, ఆ మాటకు ఈ నలుగురు సాక్షి. అంతవరకే."

బావ పకపకా నవ్వాడు. "అయితే ఆ గుర్తు గుర్తు గాదు, మా బజారి నోటి మాట. వాడు పుట్టినప్పటి నుంచీ నా సేను బాగుందని ఒక్కసారి అనలేదు గదయ్యా!"

ఆదోని నుంచి తిరిగొస్తూ బస్సులో కూడా అదే తలుచుకుని నవ్వాము. నిండు గుర్తు వస్తే దీపక్ ఏటేటా మా కందులన్నీ తీసుకుంటానన్నాడు. కూలి కోసం వలసపోయే పని ఉండదని సుధక్కకు బావ ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు. మా ఇంట్లో వాళ్ళంతా ఒక్కచోటే ఉండిపోవచ్చు అన్నమాట. మాకు ఆ గుర్తుతో పని అదొక్కటే.

వానలు బాగానే పడ్డాయి. కంది ఏపుగా వచ్చి కార్తీకంలో పూతా పిందే పట్టింది. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్ముకుంది. పూత మీద మబ్బు పడితే కందికి పచ్చపురుగు తప్పదు. పొద్దున చూస్తే కాయకో పురుగు తల దూర్చి ఉంది.

మేమందరం చేన్లోకి దిగాము. మా దగ్గర పాతకాలం పద్ధతి ఒకటుంది. ఇద్దరు చెట్టు కింద పట్టా పరిచి పట్టుకుంటారు, ఒకరు కొమ్మలు వంచి దులుపుతారు. పురుగులు జలజలా రాలుతాయి. అత్త, సుధక్క, నేను పట్టాలు పట్టుకుంటే బావా వీరేషూ దులిపేవాళ్ళు. సాలు చివరికి వచ్చేసరికి మొదట దులిపిన చెట్టు మీద మళ్ళీ పురుగు కనిపించేది. మధ్యాహ్నానికి బావకు ఓపిక నశించింది.

"ఒక్క డబ్బా మందు కొడితే పొద్దుగూకేసరికి అన్నీ సచ్చి పడుంటాయి. ఈ కర్మ ఏంటికే మనకు!"

గట్టు మీద పోతున్న బజారి ఆగాడు. "ఏం మాదన్నా, మల్ల మందు మీదికి పాయనా మనసు?"

"పాయ. అయినా కొట్టనులే. నీ మొగం సూసి ఊరుకుంటాండా."

అందరం నవ్వాము. బజారి కూడా నవ్వాడు. కానీ మాట అన్నది అన్నట్టే చెవిలో ఉండిపోతుందని ఆ పూట మాకు తోచలేదు.

దులపడంతో పాటు వేపగింజలూ పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ దంచి కషాయం కాచాము. ఇల్లంతా ఘాటు, కళ్ళల్లో నీళ్ళు. ఇంతలో తుగ్గలి నుంచి మా అమ్మకు జ్వరమని ఫోన్ వచ్చింది, నేను అటు పోయాను. ఆదోనిలో మిల్లుకు పత్తి ముమ్మరంగా వస్తోందని, మోతకు మనుషులు చాలడం లేదని కబురొచ్చి బావ ఇటు పోయాడు. కషాయం కొట్టే పని వీరేష్ ఒక్కడి మీద పడింది.

నేను తిరిగొచ్చేసరికి మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. పురుగు తగ్గింది. బావ కూడా ఆదోని నుంచి వచ్చి చేను చుట్టూ తిరిగి, మిగిలిపోయిన తన చేనికి కూడా తమ్ముడే కషాయం కొట్టాడని విని పొంగిపోయాడు. ఎమ్మిగనూరు పోయి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకొచ్చాడు.

"తినరా తమ్ముడూ. నా సేను నువ్వు కాపాడినావు. రేపొద్దున గుర్తు వస్తే అది నీదే" అన్నాడు.

వీరేష్ సిగ్గుపడుతూ బజ్జీ కొరికాడు. ఆ అన్నదమ్ములు ఒకే పొట్లంలో చెయ్యి పెట్టి తినడం నేను చూసిన ఆఖరిసారి అదే.

కోతలైపోయి, కందులు కొట్టి, ఎవరి పేరున వాళ్ళ బస్తాలు కుట్టాము. దీపక్ ఐదిళ్ళ బస్తాల్లోంచి తలా పిడికెడు తీసి పరీక్షకు పంపించాడు. పుష్యమాసం చలిలో ఒక పొద్దున ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"అక్కా, నాలుగిళ్ళవి శుభ్రంగా ఉన్నాయి. మాదన్న కందుల్లో పత్తికి కొట్టే మందు కనపడింది. గాలికి వచ్చి పడిందనుకునే మాదిరిగా లేదు. గుర్తు ఇచ్చేది నేను కాదు, తీసేదీ నేను కాదు. మీరే కూచోని తేల్చండి. కొట్టినాడంటే ఆయన చేను మళ్ళీ మొదటి ఏటికి పోతుంది, తక్కిన నలుగురికీ గుర్తు వస్తుంది. కొట్టలేదని మీరంతా పూచీ పడితే, అది ఎట్ల వచ్చిందో వెతకాల, మళ్ళీ పరీక్ష చేయించాల. అంతవరకూ అందరి సరుకూ ఆగుతుంది."

ఆ సాయంత్రం బజారి ఇంటి అరుగు మీద కూర్చున్నాము. ఐదిళ్ళ మగవాళ్ళు, మా మామ, కలం పట్టుకుని నేను. అందరి ఇళ్ళల్లోనూ సరుకు అమ్మితే గానీ జరగని పనులున్నాయి. అందువల్ల ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బజారే మొదలుపెట్టాడు. "మాదన్నా, కొట్టినావా?"

"లేదు."

"మల్ల యాడనుంచి వచ్చెనప్పా?"

"నాకేం తెలుసు? నేనూ అదే అడుగుతాండా."

"ఆపొద్దు సేన్లో అంటివి గదా, ఒక్క డబ్బా కొడితే పోతాదని."

"అంటి. నోటితో అంటి, సేత్తో కొట్టలా."

తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. బావకు ఆ సంగతి తెలుసు, అందుకే ఎక్కువ మాట్లాడలేదు. బజారి చెడ్డవాడు కాదు. ఆ మాట ఈ రోజు కూడా అంటాను. అతను వీరేష్ వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు వీరేసూ. ఒగే ఇంట్లో ఉండేటోళ్ళు. మీ యన్న కొట్టలేదని నువ్వు పూచీ పడితే మేమూ పడతాం. అందరం ఆగుతాం, ఏమైతే అదయితాది."

అందరూ వీరేష్‌ను చూశారు. బావ మాత్రం చూడలేదు. ఆ జవాబు ఏదో తనకు ముందే తెలిసినట్టు నిబ్బరంగా తుండుగుడ్డ మడత పెట్టుకుంటున్నాడు.

వీరేష్ గొంతు సవరించుకున్నాడు. "నేను… అన్న పొద్దస్తమానం నాతోనే ఉండడు గదా. ఆదోనికి పోతాడు, వస్తాడు. నేనైతే సూల్లేదు."

అంతే. కొట్టాడని అనలేదు. కొట్టలేదనీ అనలేదు. బావ చేతిలో తుండుగుడ్డ మడత ఆగిపోయింది. అప్పుడు తమ్ముడి వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే ఎంత బాగుండేది! మా ఇంట్లో ఆయన కోపానికి మేమెవరమూ భయపడేవాళ్ళం కాదు.

"రాయమ్మా అశ్వినీ" అన్నాడు మెల్లగా. "నా సేను మొదటి ఏటికి రాయి. నలుగురి సరుకు ఏంటికి ఆగల్ల?"

నేను రాశాను. ఆ అక్షరాలు నా చేతి రాతలాగా లేవు.

గొడవ ఏమీ జరగలేదు. తలుపులు వేసుకోవడం, అరుపులు, ఏవీ లేవు. వారం తిరక్కుండానే బావా సుధక్కా ఆదోనికి బయలుదేరారు. పత్తి మిల్లులో బావకు పని దొరికిందన్నారు. అత్త గడపకు అడ్డం కూర్చుంది.

"పొయ్యేంత తప్పు ఏం జరిగిందిరా? ఇల్లన్నాక మాటలు రావా?"

"తప్పు ఏమీ లేదులేమ్మా. అనుమానం పెట్టుకోని ఒగే కుండలో తినేదెట్ల సెప్పు? నేను కలిపిన ముద్ద సూసి వానికి రోజూ అదే గుర్తొస్తాది. వాని మొగం సూసి నాకూ వస్తాది."

సుధక్క నా చెయ్యి పట్టుకుని, ఏడుపు ఆపుకుని ఆటో ఎక్కింది. మా పెళ్ళయినప్పటి నుంచీ నాకు తల దువ్వింది ఆమే. ఆ తర్వాత చాలా రోజులు అత్త చేతి కొలత మారలేదు. అందరికీ సరిపడా సంగటి కెలికేది, మిగిలింది చూసి నిట్టూర్చేది.

గుర్తు వచ్చింది. పొట్లాలు అంగడికెక్కాయి. దీపక్ మొదటి పొట్లం మాకు పంపిస్తే మామ దాన్ని విప్పనివ్వలేదు, దేవుడి గూట్లో పెట్టాడు.

ఎండలు ముదిరాక ఒకనాడు ఈరన్న వచ్చాడు. మాకు పడమటి వైపు చేను అతనిది, పత్తి రైతు, మా గుంపులో లేడు. మందు కొట్టే ట్యాంకు బాగు చేయించుకోవడానికి ఎమ్మిగనూరు పోతున్నాడు.

"వీరేసూ, నా ట్యాంకు మూత నీ తాననే ఉండిపోయిందేమో సూడప్పా. కార్తీకంలో తీసుకపోతివి గదా."

కాఫీ తెచ్చిన నేను అక్కడే నిలబడిపోయాను.

"ఆపొద్దు నేను ఇంట్లో లేకపోతి, నా పెండ్లాం ఇచ్చె" అని ఈరన్న తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. "ముందునాడే పత్తికి కొట్టి కడక్కుండా పెట్టింటి. మీది మందుల్లేని సేద్యం గదా, కడుక్కున్నాడో లేదో అని తర్వాత అనుకుంటి. ఇంగ మరిసిపోతి."

"కడిగినా" అన్నాడు వీరేష్. గొంతు వినపడీ వినపడనట్టుంది. "రెండు బిందెలు పోసి కడిగినా."

"నీళ్ళకు పోతాదా అది? గొట్టంలో, జల్లెడలో పట్టుకోని ఉంటాది."

మా వైపు తాడు, గుంటక, ట్యాంకు ఏది అడిగినా లేదనే ఇల్లు లేదు. అడగడానికి సిగ్గు లేదు, ఇచ్చిందీ తెచ్చిందీ గుర్తుపెట్టుకోవడమూ లేదు. గుంపు ప్రమాణంలో ట్యాంకు ఎవరిది వాళ్ళకు ఉండాలనే మాట ఉంది. నేనే చదివేదాన్ని, అందరూ తలూపేవాళ్ళు. పక్కింటి ట్యాంకు తేవడం తప్పు చేయడం కిందికి వస్తుందని మాలో ఎవరికీ అనిపించలేదు.

ఈరన్న పోయాక అడిగాను. "ఏ చేనికి కొట్టినావు దాంతో?"

"మన సేను అయిపోయినాక మన ట్యాంకు పంపు విరిగె. అన్న సేను మిగిలిపోయె. పురుగు తినేస్తాందని…"

"బజారి అరుగు మీద కూర్చున్నప్పుడు గుర్తురాలేదా?"

ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాడు. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అడిగాను. ఈ రోజుకూ చెప్పలేదు. నాకు అడగాలని కూడా లేదు ఇప్పుడు.

మర్నాడే ఆదోనికి పోయాము. స్టేషన్‌కు దగ్గర్లో, మిల్లు వెనక వరసలో ఒకే గది. బావ తలనిండా పత్తి నూగు అంటుకుని ఉంది. ఒక్కసారిగా ముసలివాడైపోయాడనుకున్నాను. సుధక్క మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. వీరేష్ అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. బావ చివరిదాకా విన్నాడు.

"అయితే మందు ఉండినట్టే. పరీక్ష తప్పు సెప్పలేదు" అన్నాడు. ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "ఇన్నినాళ్ళూ అదే తలకాయ కొట్టుకుంటాండా, యాడనుంచి వచ్చెనబ్బా అని."

"దీపక్‌కు సెప్తా అన్నా. బజారన్నకు సెప్తా, అందర్నీ కూచోబెట్టి సెప్తా. తప్పు నాదే అని రాయిస్తా. నువ్వు ఇంటికి రా."

"సెప్పు. సెప్పాల్సిందే."

"మల్ల వస్తావు గదా?"

బావ తలలోని నూగు దులుపుకున్నాడు. "ట్యాంకు తెచ్చిందానికి నాకు కోపం లేదురా. పురుగు తింటాంటే నేనైనా తెచ్చింటా. నా సేను మీద ప్రేమతోనే కొట్టినావు."

"మల్ల ఏంటికి రావు?"

బావ మాట్లాడినప్పుడు ఆ కటువైన గొంతు లేనే లేదు.

"ఆపొద్దు బజారి నిన్ను అడిగింది, సూసినావా అని గాదురా వీరేసూ. పూచీ పడతావా అని. నువ్వేమో సూల్లేదంటివి. సూసినోనికి పూచీతో పనేముంది? సూడకుండా సెప్పేదే గదా పూచీ."

వీరేష్ మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. సుధక్క లేచి అన్నం పెట్టింది. నలుగురమూ తిన్నాము, ఎవరి పళ్ళెంలో వాళ్ళం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వీరేష్ చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పాడు. బజారి ఆదోని పోయి బావ చేతులు పట్టుకుని తప్పైందని చెప్పి వచ్చాడు. అయినా మందు పడింది పడిందే కాబట్టి బావ చేను మొదటి ఏటి నుంచే రావలసి వచ్చింది. దాన్ని వీరేషే చేశాడు. సొంతంగా కొత్త ట్యాంకు కొన్నాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. పోయిన పుష్యంలో ఆ చేనికి కూడా నిండు గుర్తు వచ్చింది. చేను తిరిగొచ్చింది, బావ రాలేదు. పండగకో పబ్బానికో వచ్చి అమ్మానాన్నలను చూసి, ఆ తర్వాత పుట్టిన మా పిల్లల చేతిలో మిఠాయి పెట్టి, పొద్దుగూకకముందే బస్సెక్కుతాడు.

ఇప్పటికీ కోతలకు ముందు బజారి అరుగు మీద ఐదిళ్ళూ కూర్చుంటాయి. బావ చోటులో వేరే ఇల్లు చేరింది. ఒక్కొక్కరి పేరు చదివి, ఈయన మాటకు ఎవరు పూచీ అని నేను అడుగుతాను. నా మాట ఇంకా పూర్తి కాకముందే, ఎవరి పేరు చదివినా సరే, అందరికంటే ముందు వీరేష్ గొంతు లేస్తుంది. "నేనుండాను, రాయి" అంటాడు. ఆ మాట వినవలసిన మనిషి ఆ వేళకు ఆదోనిలో పత్తి బేళ్ళు మోస్తుంటాడు.